సైన్స్ ఫిక్షన్ చదవడానికి సైన్స్ రావక్కర్లేదండీ

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. తెనాలి నుంచి విజయవాడకి రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లొస్తాను. చిన్నప్పుడు చందమామ, పెద్దయ్యాక వారపత్రికల సీరియల్స్ తెగ చదివేదాన్ని. చదువంతా తెలుగు మీడియం, ఇంగ్లీషు పుస్తకం చదవగలను కానీ నెమ్మదిగా. మా ఆఫీసులో ఒకాయన, సైన్స్ ఫిక్షన్ అంటే ఇదే చదవాలి అని "డ్యూన్" ఇచ్చారు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ముప్పై పేజీలు దాటలేకపోతున్నాను. ఇంటర్‌లో నాది సీఈసీ, సైన్స్ రాదు, కాబట్టి ఇవి నాకు పనికిరావేమో అనిపిస్తోంది. సరదాగా, తేలిగ్గా చదివించే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు చెప్పగలరా? పన్నెండేళ్ల మా అబ్బాయికి కూడా పనికొస్తే ఇంకా సంతోషం.

జవాబు: ముందు ఆ సీఈసీ అనుమానం తీసి పక్కన పెట్టేయండి. మీరు ఆగిపోయింది సైన్స్ దగ్గర కాదు. డ్యూన్ మొదటి ముప్పై పేజీల్లో ఎంపీసీ వాళ్లకి మాత్రమే అర్థమయ్యే విషయం ఏమీ లేదు, అక్కడ ఉన్నవన్నీ పేర్లు. బెనె గెసెరిట్, క్విసాట్జ్ హాడెరాక్, గోమ్ జబ్బార్, ఇలా ఒకటి తర్వాత ఒకటి వచ్చి పడుతూనే ఉంటాయి. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్లు వాటిని చూడగానే "ఇది రచయిత కల్పించిన మాట, ముందు ముందు తెలుస్తుందిలే" అనుకుని దాటేస్తారు. మనకి ఆ వీలు లేదు. అది నాకు రాని ఇంగ్లీషు మాటా, లేక లోకంలో ఎవరికీ రాని మాటా అన్నది మొదటి చూపులో తేలదు. డిక్షనరీ తీస్తాం, అందులో ఉండదు, మళ్ళీ వెనక్కి వెళ్లి ఆ పేరా చదువుతాం, ఇలా పేజీకి నాలుగుసార్లు జరిగితే ఎవరికైనా నిద్ర వస్తుంది. ఆ పుస్తకం చివర రచయితే ఒక పదకోశం ఇచ్చాడు, అంటే ఆ మాటలు కొత్తగా ఉంటాయని ఆయనకీ తెలుసు. చాలా గొప్ప నవల, అందులో సందేహం లేదు, కానీ మొదటి నవలగా చేతిలో పెట్టాల్సింది కాదు. మొహమాటపడకుండా ఇచ్చినాయనకి తిరిగిచ్చేయండి.

కాబట్టి తేలిగ్గా చదివించే పుస్తకం ఏదో తెలుసుకోవాలంటే అందులో సైన్స్ ఎంత ఉంది అని కాదు, మొదటి ఐదు పేజీల్లో కొత్త పేర్లు ఎన్ని ఉన్నాయి, కథ చెప్పే గొంతు ఒక మనిషి పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉందా లేదా, ఆ మనిషికి వచ్చిన కష్టమేంటో మనకి వెంటనే అర్థమయిందా, ఇవి చూడాలి. ఈ మూడూ కుదిరితే కథ ఏ గ్రహం మీద జరిగినా చదివేస్తాం. కింద చెప్పేవన్నీ అలా చూసుకుని ఏరినవే, అన్నీ నాకు బాగా ఇష్టమైనవి.

చందమామ చదివానన్నారు కదా, మీరు "హౌల్స్ మూవింగ్ క్యాజిల్"తో మొదలుపెట్టండి. డయానా విన్ జోన్స్ 1986లో రాసింది. దీని మీద జపాన్ వాళ్ల యానిమేషన్ సినిమా కూడా 2004లో వచ్చింది, కానీ పుస్తకంలో కథ చాలా తేడాగా ఉంటుంది, ఇంకా నవ్వొస్తుంది. మన కథల్లో ముగ్గురు అన్నదమ్ములు దేశాల మీద పడితే పెద్దవాడు ఓడిపోయి చిన్నవాడు రాజకుమార్తెని తెచ్చుకుంటాడు చూడండి, ఈ నవల సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అక్కడ మాయచెప్పులు, కనపడకుండా చేసే దుప్పట్లు నిజంగా ఉంటాయి, కథల్లో జరిగేవి నిజంగా జరుగుతాయి, అందుకని ముగ్గురక్కచెల్లెళ్లలో పెద్దదైన సోఫీకి తన బతుకింతే అని చిన్నప్పటి నుంచే ఖాయమైపోయింది. టోపీల కొట్లో కూర్చుని టోపీలు కుడుతూ వాటితోనే మాట్లాడుకుంటూ ఉంటుంది. ఒక మంత్రగత్తె వచ్చి శపిస్తే తొంభై ఏళ్ల ముసలమ్మ అయిపోతుంది. అక్కడి నుంచి చూడాలి ఆ పిల్లని! వయసులో ఉన్నప్పుడు నోరు మెదపనిది, ముసలిదయ్యాక ఎవరికీ భయపడదు. హౌల్ అనే మాంత్రికుడి ఇంట్లో దూరి, నేనే పనిమనిషిని అని చెప్పుకుని, ఇల్లంతా కడిగేసి, పొయ్యిలో ఉన్న అగ్నిభూతాన్ని బెదిరించి దాని మీదే వంట చేస్తుంది. ఆ హౌల్ గంటలు గంటలు స్నానాలగదిలో సింగారించుకునే రకం. సోఫీ బాగుచేస్తున్నాననుకుని సీసాలు అటూ ఇటూ మార్చేస్తే అతని జుట్టు రంగు పాడవుతుంది, ఇక బతికేం లాభం అని కూలబడి ఒళ్లంతా ఆకుపచ్చ జిగురు కార్చుకుంటూ ఇల్లు నింపేస్తాడు. ఆ ఇంటి తలుపు ఒకటే, పిడి తిప్పిన రంగుని బట్టి నాలుగు చోట్లకి తెరుచుకుంటుంది. ఇవన్నీ చాలా మామూలు ఇంగ్లీషులో, పొట్టి పొట్టి మాటల్లో ఉంటాయి, మూలన పడ్డ పిల్ల ముసలితనంలో ధైర్యం తెచ్చుకోవడం మాత్రం పెద్దవాళ్లకే బాగా తెలుస్తుంది. మీరూ, మీ అబ్బాయీ ఇద్దరూ చదవచ్చు.

తర్వాత సైన్స్ ఫిక్షన్ వైపు వస్తే, ముందు "ఆల్ సిస్టమ్స్ రెడ్". మార్తా వెల్స్ 2017లో రాశారు, నూట యాభై పేజీల చిన్న పుస్తకం, మీ రైలు ప్రయాణాల్లో వారంలో అయిపోతుంది. మనుషులకి కాపలా కాయడానికి ఒక కంపెనీ అద్దెకిచ్చే రోబో ఉంటుంది, సగం యంత్రం, సగం మనిషి మాంసం. తనని అదుపులో పెట్టే పరికరాన్ని అది రహస్యంగా పాడుచేసేసుకుంది. ఇక ఎవరినైనా చంపేయచ్చు, అడిగేవాడు లేడు. అది ఏం చేసిందయ్యా అంటే, దాదాపు 35,000 గంటలు సీరియళ్లూ సినిమాలూ చూస్తూ కూర్చుంది! డ్యూటీలో ఉన్నా లోపల్లోపల సీరియల్ ఆడుతూనే ఉంటుంది. మనుషులు మొహంలోకి చూసి మాట్లాడితే దానికి భరించలేనంత ఇబ్బంది, అందుకని హెల్మెట్ నల్లద్దం దించుకుని కెమెరాల్లోంచి వాళ్లని చూస్తుంది. ఇష్టం లేదు ఇష్టం లేదు అంటూనే వాళ్లని కాపాడటానికి ఒంట్లో ముక్కలు ఊడిపోయేదాకా పోరాడుతుంది. కథంతా అదే చెప్తుంది, విసుగ్గా, సూటిగా. మొదట్లో కొన్ని కంప్యూటర్ వ్యవస్థల పేర్లు తగులుతాయి, అవేంటో తెలుసుకోనక్కర్లేదు, దాటేయండి. సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి దీనికి. తేలిక పుస్తకాలకి గౌరవం ఉండదనే వాళ్లెవరైనా మీకు తగిలితే ఇది చూపించండి. నచ్చితే ఈ వరసలో ఇంకా చాలా ఉన్నాయి, రెండోదాన్లో తనకంటూ బుర్ర ఉన్న ఒక అంతరిక్ష ఓడతో దీనికి స్నేహం అవుతుంది, ఆ ఓడ కూడా దీంతోపాటు సీరియల్స్ చూస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆండీ వియర్ రాసిన "ద మార్షియన్". సైన్స్ రాదు అన్నవాళ్లకి ఇది ఇస్తారా అని మీరు అనుకోవచ్చు. మీకే ఇవ్వాలండీ, ఎందుకంటే ఇదంతా జమా ఖర్చుల లెక్క. ఆరుగురు అంగారకుడి మీదికి వెళ్తారు, తుఫాను వస్తుంది, ఒకడు చనిపోయాడనుకుని మిగతావాళ్లు వెళ్లిపోతారు. వాడు బతికే ఉన్నాడు. మళ్ళీ అక్కడికి మనుషులు వచ్చేది నాలుగేళ్ల తర్వాత. ఉన్న తిండి ఎన్ని కేలరీలు, రోజుకి ఎంత ఖర్చు, లోటు ఎంత, అది ఎలా పూడ్చాలి? వాడు వృక్షశాస్త్రం చదివినవాడు, పండగ భోజనం కోసం పంపిన పచ్చి బంగాళాదుంపలు కొన్ని ఉన్నాయి. సరే, అంగారకుడి మట్టిలో తన మలమే ఎరువుగా కలిపి మడి కట్టాడు. మరి నీళ్లు? రాకెట్ ఇంధనం హైడ్రజీన్ మిగిలి ఉంది. దాన్ని ఇరిడియం అనే లోహం మీదుగా పోనిస్తే విడిపోయి నైట్రోజన్, హైడ్రోజన్ వస్తాయి, ఆ హైడ్రోజన్‌ని మండిస్తే నీళ్లవుతాయి. చదువుతుంటే అబ్బ ఎంత తెలివి అనుకుంటాం, ఈలోపు మండకుండా గాల్లో మిగిలిపోయిన హైడ్రోజన్ సంగతి బయటపడుతుంది. నవలంతా ఇంతే, ఒక చిక్కు తీరుస్తాడు, ఆ తీర్చిన పద్ధతిలోంచే ఇంకో చిక్కు పుడుతుంది, వదల్లేం. పైగా ఇది చాలావరకు డైరీ. రోజుకింత అని రాసుకుంటూ పోతాడు, చావు పక్కనే ఉన్నా జోకులు వేస్తాడు, కెప్టెన్ వదిలేసి వెళ్లిన పాత డిస్కో పాటలు తప్ప వినడానికి ఏమీ లేవని తిట్టుకుంటాడు. కూడికలూ గుణకారాలూ ఉన్న పేరాలు మీకు బరువుగా ఉంటే ఆఖరి వాక్యం మాత్రం చదవండి, సరిపోతుందా సరిపోదా అన్నది అక్కడ ఉంటుంది.

వియర్ దీన్ని మొదట తన వెబ్‌సైట్‌లో అధ్యాయం తర్వాత అధ్యాయం ఉచితంగా పెట్టాడు. చదివినవాళ్లు అందులో లెక్కల తప్పులు చెప్తే దిద్దుకున్నాడు. వాళ్లే అడిగితే కిండిల్‌లో 99 సెంట్లకి పెట్టాడు, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ అచ్చువేసింది, 2015లో సినిమా వచ్చేసింది. సీరియల్‌గా వచ్చిన కథ కాబట్టి ఆ బిగువు తెలుస్తూనే ఉంటుంది, వారపత్రికలు చదివినవాళ్లకి ఈ అలవాటు ఉన్నదే. ఆ మొదటి తుఫాను మాత్రం శాస్త్రప్రకారం కుదరదని ఆయనే ఒప్పుకున్నాడు, అంగారకుడి గాలి మన గాలి సాంద్రతలో ఒక శాతం దగ్గర్లో ఉంటుంది, అంత గాలి మనుషుల్ని విసిరేయలేదు. కథ మొదలవ్వాలి కాబట్టి అలా పెట్టుకున్నాడు. మొదటి వాక్యంలోనే బూతు ఉంది, ముందే చెప్తున్నాను. అబ్బాయికి అయితే బళ్ల కోసం ఆ మాటలు తీసేసిన క్లాస్‌రూమ్ ఎడిషన్ విడిగా ఉంది, అది కొనండి.

ఇది నచ్చితే ఆయనదే "ప్రాజెక్ట్ హెయిల్ మేరీ" (2021) వెంటనే అందుకోండి. ఒకడికి మెలకువ వస్తుంది, తను ఎవరో గుర్తులేదు, పక్క మంచాల మీద రెండు శవాలు, రెండూ రెండూ ఎంత అని ఒక యంత్రం అడుగుతోంది. అంతకుమించి నేను చెప్పను, మీరు కూడా వెనక అట్ట చదవకండి, ట్రైలర్ చూడకండి. ఆయన పుస్తకాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకో చెప్తే మీ సంతోషం పాడుచేసినట్టవుతుంది. అందులో హీరో ఒక బడిపంతులు, పిల్లలకి చెప్పినట్టే మనకీ చెప్తాడు.

ఆఫీసులో బుర్ర వేడెక్కి వచ్చిన రోజులకి వేరే రకం పుస్తకాలు కావాలి. టి. కింగ్‌ఫిషర్ రాసిన "ఎ విజార్డ్స్ గైడ్ టు డిఫెన్సివ్ బేకింగ్" అని ఉంది, పేరు పొడుగు కానీ పుస్తకం చకచకా సాగుతుంది. మోనాకి పద్నాలుగేళ్లు, పిన్ని బేకరీలో పని, తన మంత్రశక్తి రొట్టెల మీద తప్ప ఇంక దేని మీదా పనిచేయదు. తెల్లారుజామున కొట్టు తెరిస్తే నేల మీద శవం ఉంటుంది. నేలమాళిగలో బకెట్లో పులిసిన పిండి ఒకటి ఉంది, రొట్టెలు పొంగడానికి వాడేది, దాని పేరు బాబ్, దానికి ప్రాణం వచ్చింది, కోపం కూడా ఉంది. చివరికి ఊరి మీదికి సైన్యం వస్తే కాపాడాల్సింది ఈ పిల్లా ఈ పిండీనే. నవ్విస్తూనే, పెద్దవాళ్లు చేయాల్సిన పని చేయక చిన్నపిల్లల మీద పడేశారేమిటి అని ఆ పిల్ల అడిగే చోట మనసు కలుక్కుమంటుంది. ఇది మీ అబ్బాయికి కూడా. ట్రావిస్ బాల్డ్రీ "లెజెండ్స్ అండ్ లాటేస్" అయితే ఇంకా నెమ్మది. జీవితమంతా కత్తి పట్టుకు తిరిగిన వివ్ అనే ఒక రాక్షసజాతి ఆవిడ, ఇక యుద్ధాలు చాలని, కాఫీ అంటే ఏంటో ఎవరికీ తెలియని ఊళ్లో కాఫీ హోటల్ పెట్టుకుంటుంది. షెడ్డు కొనడం, వడ్రంగిని వెతకడం, బన్నులు చేసేవాణ్ణి పెట్టుకోవడం, ఇదే కథ. పెద్దగా ఏమీ జరగదని విసుక్కునేవాళ్లు ఉన్నారు, నాకైతే పడుకునే ముందు చదవడానికి ఇలాంటిది ఇంకోటి దొరకలేదు.

జాన్ స్కాల్జీ పుస్తకం కూడా ఒకటి చూడండి, "ద కైజు ప్రిజర్వేషన్ సొసైటీ" (2022). అంతా సంభాషణలే, వర్ణనలు బహు తక్కువ, కరోనా కాలంలో ఉద్యోగం పోయి ఇంటింటికీ భోజనం పార్సిళ్లు మోసే మనిషికి కొండంత జంతువుల్ని కాపాడే ఉద్యోగం వస్తుంది. సరదా పుస్తకం, అంతే, దాన్నుంచి అంతకంటే ఆశించకండి.

ఇక మీకు అందరూ చెప్పే రెండు పేర్ల గురించి కాస్త జాగ్రత్త చెప్పాలి. "హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ" 1978లో బీబీసీ రేడియో నాటకంగా వచ్చి మరుసటి ఏడాది నవలైంది. రోడ్డు వెడల్పు నోటీసులు చూసిన మనవాళ్లకి మొదటి అధ్యాయం భలే తెలుస్తుంది. ఒకాయన ఇల్లు బైపాస్ రోడ్డు కోసం కూలగొట్టడానికి బుల్డోజర్ వస్తుంది, ముందే చెప్పాలి కదా అంటే, ప్లాన్ ఆఫీసులో పెట్టాం కదా, మీరొచ్చి చూసుకోవాలి అంటారు, ఆ ప్లాన్ చూస్తే నేలమాళిగలో తాళం వేసిన బీరువాలో ఉంటుంది. కాసేపటికి భూమినే అంతరిక్షంలో బైపాస్ కోసం కూలగొట్టడానికి వేరే లోకం వాళ్లొస్తారు, వాళ్లూ అదే మాట అంటారు. ఆ మొదటి అధ్యాయాలు తప్పకుండా చదవండి. తర్వాత తర్వాత మాత్రం నవ్వంతా ఇంగ్లీషు మాటల విరుపులోనే ఉంటుంది, కథ పట్టు తక్కువ, మీకు ఆగిపోవాలనిపిస్తే ఆగిపోండి. టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలలు నలభై ఒకటి ఉన్నాయి, మహానుభావుడు, కానీ మొదటిదైన "ద కలర్ ఆఫ్ మ్యాజిక్" (1983)తో మొదలుపెట్టద్దు, అప్పటికి ఆయన చేయి ఇంకా తిరగలేదు. "మోర్ట్" (1987) పట్టుకోండి. ఎవరూ పనిలో పెట్టుకోని కుర్రాణ్ణి సాక్షాత్తూ మృత్యువే శిష్యుడిగా తీసుకుంటుంది, పని నేర్పే ముందు కూర కూడా తినిపిస్తుంది. ఒక్క చిక్కు, అందులో అధ్యాయాలు ఉండవు, రైలు స్టేషన్‌లో ఆగినప్పుడు ఎక్కడ మూయాలో తెలీదు. పైవాటిలో మూడో నాలుగో చదివాక అయితే ఇబ్బంది ఉండదు.

"గేమ్ ఆఫ్ థ్రోన్స్" వరస, "వీల్ ఆఫ్ టైమ్" వరస ఎవరిచ్చినా ఇప్పుడే తీసుకోకండి. మొదటిదాన్లో ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం జనం ఇంకా ఎదురుచూస్తున్నారు, రెండోది పద్నాలుగు పెద్ద సంపుటాలు.

అన్నట్టు, మీరు ఫాంటసీకి కొత్త కాదు, చిన్నప్పటి నుంచీ అదే చదువుతున్నారు. చందమామలో 1954లో "తోకచుక్క"తో మొదలుపెట్టి "మకరదేవత", "ముగ్గురు మాంత్రికులు", "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "భల్లూక మాంత్రికుడు" దాకా ఆ సీరియల్స్ అన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు, చాలామందికి ఆ పేరే తెలీదు, ఎందుకంటే పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. వాటికి చిత్రా గారి బొమ్మలు. ఇప్పుడు తీసి చదివినా ఎక్కడా ఆగవు, మీ అబ్బాయికి తెలుగు చదవడం వస్తే వాటినే ముందు ఇవ్వండి. ఇంకొకటి, చాలామంది విశ్వనాథ సత్యనారాయణ గారంటే భయపడి దూరంగా ఉంటారు. ఆయన "హాహాహూహూ" చదివి చూడండి, గుర్రం తల ఉన్న ఒక గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు, వీడు జంతువా మనిషా అని ఆ దొరలంతా తలలు పట్టుకుంటారు. "విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు"లో పంచతంత్రం విష్ణుశర్మ కలలోకి వచ్చి తనకి ఇంగ్లీషు నేర్పమంటాడు, ఆ భాషలో స్పెల్లింగులకీ పలకడానికీ పొంతన ఎందుకు లేదని ఆయన వేసే ప్రశ్నలు తెలుగు మీడియం వాళ్లందరం ఎప్పుడో ఒకప్పుడు వేసుకున్నవే. రెండూ చిన్నవి, రెండూ కడుపుబ్బ నవ్విస్తాయి. రెండూ కలిపి ఇంగ్లీషులో కూడా వచ్చాయి, వెల్చేరు నారాయణరావు గారి అనువాదం.

చదివే పద్ధతి గురించి రెండు ముక్కలు. మాట మాటకీ డిక్షనరీ తీయకండి. ఒక మాట మూడోసారి ఎదురై అప్పటికీ అర్థం కాక కథ ఆగిపోతుంటే అప్పుడు చూడండి. ఫోన్లో కిండిల్ యాప్ అయితే ఆ మాట మీద వేలు నొక్కి పెడితే అర్థం వస్తుంది. ఏమీ రాలేదనుకోండి, చాలావరకు అది రచయిత కల్పించిందే, నిశ్చింతగా ముందుకి పోవచ్చు. పేర్లు ఎలా పలకాలో అని టెన్షన్ పడకండి, మీ నోటికి ఎలా వస్తే అలా అనుకోండి. ముప్పై పేజీలు చదివాక ఎవరి గురించీ మీకు ఆత్రం పుట్టకపోతే ఆ పుస్తకం ఆపేసి ఇంకోటి తీయండి.

అబ్బాయికి పైన చెప్పినవి కాకుండా, రోషని చోక్షి రాసిన "ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్" (2018) కొనండి. అట్లాంటాలో మ్యూజియంలో ఉండే పన్నెండేళ్ల పిల్ల, ముట్టుకోకూడని దీపం వెలిగించి కొంప ముంచుతుంది, పాండవులు ఈసారి ఆడపిల్లలుగా పుట్టారన్నది కథ. మహాభారతం ఇంట్లో విన్న పిల్లలకి సగం పేర్లు ముందే తెలిసుంటాయి కాబట్టి ఇంగ్లీషు బరువనిపించదు. "ఆల్ సిస్టమ్స్ రెడ్", స్కాల్జీ పుస్తకం మాత్రం వాడికి ఇంకో మూడు నాలుగేళ్లు ఆగాక.

ఇవన్నీ ఒకేసారి కొనేయకండి, బయటి దేశాల పుస్తకాలు ఖరీదెక్కువ. కిండిల్‌లో దాదాపు ఏ పుస్తకానికైనా మొదటి కొన్ని పేజీలు శాంపిల్‌గా ఉచితంగా వస్తాయి, "హౌల్", "ఆల్ సిస్టమ్స్ రెడ్", "మార్షియన్" మూడింటికీ శాంపిల్ దింపుకుని ఒక్కోటి ఒక్కో రోజు రైల్లో చదవండి, దేని దగ్గర తెనాలి వచ్చేసిందా అనిపించిందో అది కొనుక్కోండి. మీరు ఎలాగూ విజయవాడలోనే ఉంటారు, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ప్రాచెట్, హిచ్‌హైకర్ లాంటివి దొరికే అవకాశం ఉంది, సాయంత్రం రైలుకి టైముంటే ఒకసారి వెళ్లి అడగండి. చందమామ సీరియల్స్, విశ్వనాథ వారివి అయితే జనవరిలో పుస్తక మహోత్సవం పెట్టినప్పుడు తెలుగు స్టాళ్లలో వెతకండి, అబ్బాయిని కూడా తీసుకెళ్లి వాడి పుస్తకం వాణ్ణే ఎంచుకోనివ్వండి.